తిండి ముట్టని కార్న్ స్నేక్ పిల్ల: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

టెక్సాస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం పదేళ్ల పిల్లాడి కోసం కొన్న కార్న్ స్నేక్ పిల్ల కేసు ఇది. ఊరు, పేర్లు, కొన్న చోటు వదిలేశాను. బరువులు, ఉష్ణోగ్రతలు, దేని తర్వాత ఏది చేశామన్న వరస మాత్రం ఉంచాను. తిండి మానేసిన పాముపిల్ల విషయంలో నేర్చుకోవలసింది ఆ వరసలోనే ఉంది.

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము. శాస్త్రీయ నామం పాంథెరోఫిస్ గుట్టేటస్. విషం లేదు. మన జెర్రిపోతు ఉన్న కొలుబ్రిడే కుటుంబానికే చెందుతుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు 5 నుంచి 8 గ్రాములు తూగుతుంది, మందం పెన్సిల్ కన్నా తక్కువ. వారం పది రోజులకు తొలి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా పొట్టలో మిగిలిన పచ్చసొనతో గడిచిపోతుంది కాబట్టి మేత మొదలయ్యేది ఆ తర్వాతే.

పెంపకంలో తొలి మేత పింకీ. అంటే పుట్టి ఒకటి రెండు రోజులైన, బొచ్చు రాని, కళ్లు తెరవని చిట్టెలుక పిల్ల. గడ్డకట్టించి సంచుల్లో అమ్ముతారు. అడవిలో పుట్టిన కార్న్ స్నేక్ పిల్లకు మాత్రం తొలి ఆహారం ఎక్కువగా చిన్న బల్లులు, చెట్టుకప్పలు. ఎలుకల మీదికి మళ్లేది కాస్త ఎదిగాకే. పెంపకంలో పుట్టిన పిల్లల్లో చాలావరకు ఏ పేచీ లేకుండా పింకీ అందుకుంటాయి. కొన్ని అందుకోవు. వాటి ముక్కుకు ఎలుక వాసన ఇంకా తిండి వాసన కాదు.

ఈ పిల్ల ఆగస్టులో పుట్టింది. సెప్టెంబరు చివర్లో ఒక సరీసృపాల ఎక్స్‌పోలో కొన్నారు. అమ్మినవాళ్లు 'రెండుసార్లు తింది' అన్నారు. ఏం తింది, ప్రాణమున్నదా గడ్డకట్టించినదా, ఏ తేదీన, అప్పుడు బరువెంత అన్న కాగితం ఏదీ లేదు. అక్టోబరు చివర్లో మా దగ్గరికి తెచ్చేనాటికి ఆ ఇంట్లో అది ఒక్క మేత కూడా ముట్టలేదు.

తెచ్చినప్పటి పరిస్థితి

బరువు 5.4 గ్రాములు. నగల షాపుల్లో వాడేలాంటి, 0.1 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు మీద తూచాం. ఇంటి వంటగది త్రాసు ఇంత చిన్న ప్రాణికి పనికిరాదు, 1 గ్రాము తేడా అంటే దీని ఒంట్లో దాదాపు ఐదో వంతు. వెన్ను మీద వేలు పెడితే ఎముక గీత తెలుస్తోంది కానీ, ఒళ్లు ముక్కోణంలా పొడుచుకొచ్చే స్థితి కాదు. చర్మాన్ని కొద్దిగా పట్టి వదిలితే మడత ఆలస్యంగా సర్దుకుంది, అంటే ఒంట్లో నీరు కొంత తగ్గింది. నోట్లో చిగుళ్లు శుభ్రంగా, లేత గులాబీ రంగులో ఉన్నాయి. జిగురు లేదు, ఊపిరిలో గురక లేదు. కళ్ల చుట్టూ, గవదల కింద మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) లేవు. బొడ్డు మచ్చ పూర్తిగా పూడింది. వెల్లకిలా వేస్తే వెంటనే తిరగబడింది, నాలుక చురుగ్గా ఆడుతోంది.

ఇంట్లో దాని ఏర్పాటు ఫొటోలు, కొలతలు తెప్పించుకున్నాం. ఈ భాగం తాపీగా చెప్పాలి, ఎందుకంటే తిండి మానేసిన పాముపిల్లల్లో సగం జబ్బు ట్యాంకులోనే ఉంటుంది.

75 లీటర్ల గాజు ట్యాంకు, నాలుగు వైపులా పారదర్శకం, హాల్లో టీవీ పక్కన. అడుగున హీట్ మ్యాట్ ఉంది, థర్మోస్టాట్ లేదు. గాజు పైభాగాన అంటించిన గుండ్రటి థర్మామీటరు 26 డిగ్రీలు చూపిస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మ్యాట్ పైన నేలను కొలిస్తే 42 డిగ్రీల సెల్సియస్. చల్లటి వైపు రాత్రి 21. దాక్కోవడానికి ఉన్నది రెండు వైపులా తెరిచిన ఒకే ఒక్క చెక్క సొరంగం, అదీ సరిగ్గా మ్యాట్ మీదే. అంటే ఆ పిల్ల దాక్కోవాలంటే కాలాలి, కాలకుండా ఉండాలంటే బయటపడాలి. అది మూడో దారి పట్టి చల్లటి వైపున నీళ్ల గిన్నె కింద దూరి కూర్చుంది. అక్కడ అరుగుదలకు చాలినంత వేడి లేదు. వేడి దొరకని పాము తినదు. తిన్నా కక్కేస్తుంది.

పిల్లాడు రోజూ చేతిలోకి తీసుకుంటున్నాడు. రోజు విడిచి రోజు పింకీ కరిగించి, స్టీలు ఫోర్సెప్స్‌తో మొహం ముందు ఆడిస్తున్నారు. పాము తోక వణికించి, మెడను ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుని, ఫోర్సెప్స్‌ను పొడిచి పారిపోతోంది. ఇంట్లోవాళ్లు దాన్ని 'కాటుకు లేస్తోంది, ఆకలిగానే ఉంది' అనుకున్నారు. ఆకలితో వేసే కాటుకు ముందు నాలుక ఆట పెరుగుతుంది, తల నెమ్మదిగా ముందుకొస్తుంది, పట్టాక వదలదు. భయంతో వేసే కాటులో తల వెనక్కి ఉంటుంది, నోరు తగిలీ తగలకుండా వదిలేస్తుంది. ఇక్కడ జరుగుతున్నది రెండోది.

అప్పటికే వాళ్లు ఇంకొన్ని ప్రయత్నాలు చేశారు. డబ్బాలో వచ్చే ట్యూనా నీళ్లు పింకీకి పూశారు. అందులో ఉప్పు ఎక్కువ, నీరు తగ్గిన పిల్లకు అది మంచిది కాదు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మగారు నాగుల చవితి అలవాటుతో చిన్న గిన్నెలో పాలు పెట్టించారు. పాము ముట్టలేదు, అదృష్టం. పాలు పాము ఆహారం కాదు, వాటిని అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. నాలుక ఎండిన పాము దాహానికి ఏ ద్రవమైనా తాగుతుంది, అది చూసి పాలు తాగుతుందనే నమ్మకం బలపడుతుంది. ఆవిడకు ఇదే చెబితే, 'అయితే మంచినీళ్లే పెడదాం బాబూ' అని ఆ రోజు నుంచి నీళ్ల గిన్నె మార్చే బాధ్యత తనే తీసుకున్నారు.

మొదటి నిర్ణయం: నోరు తెరిచి పెట్టకూడదు

ఇంట్లోవాళ్లు అడిగింది అదే. పింకీని నోట్లో పెట్టేయమని. ఆ పని తెలిసినదే. తడిపిన పింకీ ముక్కుతో పాము పెదవుల మధ్య మెల్లగా తెరిచి, తల భాగాన్ని పళ్లకు తగిలేదాకా తోసి, పామును కింద ఉంచి కదలకుండా వదిలేస్తే కొన్ని మింగేస్తాయి. ఇక్కడ అప్పుడే చేయకపోవడానికి కారణాలున్నాయి. పట్టుకుని పెట్టిన ప్రతిసారీ పాముకు తిండి అంటే చెయ్యి, చెయ్యి అంటే భయం అన్న ముడి బిగుస్తుంది. ఇంత చిన్న దవడ సులువుగా దెబ్బతింటుంది. కంగారులో ద్రవం శ్వాసనాళంలోకి పోవచ్చు. పైగా పాము తన అంతట తాను వేటను గుర్తించడం దానివల్ల రాదు. నెల తర్వాత కూడా అదే సమస్య మిగిలే ఉంటుంది.

అలాగని గడువు లేకుండా ఆగడం కూడా తప్పే. కాబట్టి గీత ముందే గీసుకున్నాం. బరువు 4.6 గ్రాములకు, అంటే తెచ్చిన రోజు బరువులో సుమారు 15 శాతం దిగువకు పడితే, లేదా వెల్లకిలా వేసినప్పుడు తిరగబడటం మందగిస్తే, అప్పుడు సహాయంతో తినిపించడం. ఆ లోపు చెయ్యం. ఇలా గీత లేకపోతే ప్రతి సోమవారం ఇంట్లోవాళ్ల బెంగే నిర్ణయం తీసుకుంటుంది.

చలికాలపు నిద్రకు పంపడం గురించి కూడా ఆలోచించాం. తినని పిల్లల్ని కొన్ని వారాలు 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి, తిరిగి వెచ్చబరిస్తే కొన్ని తినడం మొదలుపెడతాయి. దానికి ఒంట్లో నిల్వ ఉండాలి. 5 గ్రాముల పిల్లకు ఆ నిల్వ లేదు, అందుకే వద్దనుకున్నాం.

ఇక మిగిలినవి మూడు ప్రశ్నలు. ఇది తినలేకపోతోందా, భయపడి తినడం లేదా, లేక ఎదురుగా ఉన్నది తిండని తెలియక తినడం లేదా? పరీక్షలో జబ్బు లక్షణాలు కనబడలేదు కాబట్టి మొదటిదానికి అవకాశం తక్కువ. వేడి లేకపోవడం మాత్రం మొదటిదాంట్లోకే వస్తుంది, అది వెంటనే సరిచేయాలి. రెండోది కళ్ల ముందే ఉంది. మూడోది భయం పోయేదాకా తేలదు, ఎందుకంటే బెదిరిన పాము ఏ వాసనకూ జవాబివ్వదు. అందుకే ముందు గూడు, తర్వాత తిండి.

గూడు మార్పు

సుమారు 6 లీటర్ల ప్లాస్టిక్ టబ్, మూత గట్టిగా పడేది, పక్కలకు వేడి సూదితో పొడిచిన చిన్న చిల్లులు. హీట్ మ్యాట్ టబ్ కింద మూడో వంతుకు మాత్రమే. దానికి థర్మోస్టాట్, సెన్సరును టబ్ అడుగుకు, మ్యాట్‌కు మధ్య టేపుతో బిగించాం. సెన్సరు లోపల పెడితే పాము కదిలిస్తుంది, లేదా దాని మీద నీళ్లు పడి తప్పు చూపిస్తుంది. లోపలి నేల వెచ్చటి వైపు 29 నుంచి 30 డిగ్రీలు (ఫారెన్‌హీట్‌లో 84 నుంచి 86), చల్లటి వైపు 23 నుంచి 24. రెండు వైపులా ఒక్కో ఇరుకు గూడు. టాయిలెట్ రోల్ గొట్టాన్ని అడ్డంగా కోసి, ఒక చివర నలిపిన కాగితంతో మూశాం. పాము ఒంటికి రెండు పక్కలా గోడ తగిలితేనే అది గూడు అవుతుంది. మిగిలిన చోటంతా నలిపిన కిచెన్ టవల్ కాగితం. నీళ్ల గిన్నె, చల్లటి వైపున తడి నాచు ఉన్న చిన్న డబ్బా ఒకటి. టబ్‌ను హాల్లోంచి తీసి, రాకపోకలు లేని గదిలో అలమరలో పెట్టించాం.

ఆ తర్వాత ఒక వారం ఏమీ చేయలేదు. తిండి పెట్టలేదు, చేత్తో ముట్టలేదు, మూత తీసింది నీళ్లు మార్చడానికే. ఈ వారం ఇంట్లోవాళ్లకు అన్నిటికన్నా కష్టమైంది. తినని ప్రాణికి తిండి పెట్టకుండా ఉండమంటే ఏ ఇంట్లోనూ మనసొప్పదు. కానీ కాదన్న ప్రతి పింకీ దానికి ఇంకో బెదిరింపే. పైగా సరైన వేడిలో ఉన్న ఆరోగ్యవంతమైన పాముపిల్ల ఒక వారంలో కోల్పోయేది చాలా తక్కువ. వారం చివర బరువు 5.3. చర్మపు మడత వెంటనే సర్దుకుంటోంది. రాత్రిపూట టబ్ గోడల వెంట తిరుగుతోందని అడుగున కాగితం నలిగిన తీరు చెప్పింది. తిరగడం మంచి సూచన, అది వేట వెతికే నడక.

పనిచేయనివి

ఇక్కడి నుంచి ఒక్కోసారి ఒక్క మార్పు, రెండు ప్రయత్నాల మధ్య నాలుగైదు రోజుల విరామం. ఒకేసారి మూడు మార్చి తినిపిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాత మాన్పించేటప్పుడు ఏది తీసేయాలో అసలే తెలియదు.

మొదట మామూలు పింకీ, సరైన పద్ధతిలో. ముందు రాత్రి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, చిన్న జిప్ సంచిలో వేసి, 40 డిగ్రీల నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచాలి. మైక్రోవేవ్ వాడకూడదు, లోపల ఉడికిపోయి పొట్ట పగులుతుంది. పింకీని తుడిచి, సీసా మూతలో పెట్టి, చీకటి పడ్డాక వెచ్చటి గూడు గుమ్మం దగ్గర ఉంచి, దీపం ఆపి, తెల్లారేదాకా చూడకూడదు. ఫోర్సెప్స్ ఆడించడం పూర్తిగా ఆపించాం. పొద్దున పింకీ పెట్టినట్టే ఉంది.

తర్వాత కడిగిన పింకీ. సువాసన లేని గిన్నెల సబ్బు ఒక చుక్క, గోరువెచ్చటి నీళ్లు, వేళ్ల మధ్య మెల్లగా రుద్ది, సబ్బు జిడ్డు పోయేదాకా కడిగి ఆరబెట్టడం. ఎలుక వాసన తగ్గితే కొన్ని పిల్లలు తింటాయి. ఇది తినలేదు.

తర్వాత పింకీ తలపై చిన్న గాటు పెట్టి మెదడు కొద్దిగా బయటికి వచ్చేలా చేశాం. చూడ్డానికి బాగోదు, కానీ తినని కొలుబ్రిడ్ పిల్లల్లో ఇది తరచుగా పనిచేసే ఉపాయం. కూర పార్సిల్ ఇచ్చేలాంటి అర లీటరు కప్పుకు చిల్లులు పెట్టి, అందులో తడి కాగితం ముక్క, పామును, ఆ పింకీని ఉంచి, రాత్రంతా టబ్‌లోనే చల్లటి వైపు పెట్టాం. తిండికి దగ్గరగా, చీకట్లో, ఇరుకులో ఉంటే కొన్ని లొంగుతాయి. కప్పును మ్యాట్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, దాంట్లోంచి పాము తప్పించుకోలేదు. పొద్దున పాము కప్పు ఒక అంచున, పింకీ మరో అంచున. బరువు 5.0.

ప్రాణమున్న పింకీ పెడదామా అని ఇంటివాళ్లు అడిగారు. పుట్టిన రోజు పింకీ కరవదు కాబట్టి పాముకు ప్రమాదం లేదు. కానీ అది అదనంగా ఇచ్చేది కదలికే. ఫోర్సెప్స్ కదలికకు ఇది బెదిరిన సంగతి ముందే తెలుసు. తప్పిపోతున్నది కదలిక కాదు, వాసన అన్న అనుమానం అప్పటికే బలంగా ఉంది. ఆ అనుమానాన్ని ఇంకో మేత వృథా కాకుండా, ఇంకో వారం పోకుండా తేల్చుకోవాలి.

దూది పుల్లల పరీక్ష

పాము వాసనను ముక్కుతో కన్నా నాలుకతో ఎక్కువ పట్టుకుంటుంది. నాలుక చివర్లు గాలిలోని రేణువులను అంగిలిలోని జేకబ్సన్ అవయవానికి చేరవేస్తాయి. 1960ల్లో అమెరికన్ శాస్త్రవేత్త గోర్డన్ బర్గ్‌హార్ట్, ఇంకా ఏ మేతా తినని గార్టర్ పాముపిల్లల ముందు రకరకాల ఎరల సారంలో ముంచిన దూది పుల్లలు పెట్టి చూశారు. పుట్టుకతోనే తమ జాతి తినే ఎరల వాసనకు అవి నాలుక వేగంగా ఆడించాయి, పుల్లను కరిచాయి కూడా. తిండి గుర్తు కొంతవరకు పుట్టుకతో వస్తుందన్నది అక్కడ తేలింది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. తినని పాముపిల్ల ముందు దీన్ని ఇంత తక్కువగా ఎందుకు వాడుతున్నామో నాకు అర్థం కాదు.

మూడు దూది పుల్లలు తీసుకున్నాం, దూది గట్టిగా చుట్టినవి. వదులు దూది పళ్లకు చిక్కుకుంటుంది. ఒకటి ఉత్త నీళ్లలో ముంచినది. రెండోది కరిగించిన పింకీ ఒంటికి రుద్దినది. మూడోది గ్రీన్ అనోల్‌కు రుద్దినది. ఇది ఆగ్నేయ రాష్ట్రాల చెట్ల మీద తిరిగే చిన్న ఆకుపచ్చ బల్లి. సరీసృపాల మేత అమ్మేవాళ్ల దగ్గర గడ్డకట్టించినవి దొరుకుతాయి. పెరట్లో పట్టినవి వద్దన్నాం, పురుగుమందు, పరాన్నజీవులు రెండూ ఉండొచ్చు. కొన్నదాన్ని కూడా నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంచాకే వాడాలి. దానివల్ల చాలా పరాన్నజీవులు చస్తాయి, అన్నీ కాదు. మా దగ్గర అప్పటికే అలా ఉంచినవి ఉండటంతో ఆగే పని పడలేదు.

సాయంత్రం, గది మసక వెలుతురులో, టబ్ మూత ఒక పక్క కొద్దిగా ఎత్తి, ఆ సందులోంచి పుల్లను పాము ముక్కుకు 2 సెంటీమీటర్ల దూరంలో ఒక నిమిషం పట్టుకున్నాం. చెయ్యి కనబడకూడదు. రెండు పుల్లల మధ్య పావుగంట విరామం. నీళ్ల పుల్లకు నాలుక రెండు మూడుసార్లు ఆడించి మానేసింది. పింకీ పుల్లకు కాసేపు ఆడించి, తల పక్కకు తిప్పుకుని గొట్టంలోకి వెళ్లిపోయింది. అనోల్ పుల్లకు గొట్టంలోంచి తల బయటికొచ్చింది. నాలుక ఆగకుండా ఆడింది. పుల్లను మెల్లగా పక్కకు జరిపితే తల వెంట వచ్చింది, మెడ నిటారుగా, వెనక్కి లాక్కోకుండా. నిమిషం నిండకముందే పుల్లను కరిచి పట్టుకుంది. పుల్లను లాగలేదు, అది వదిలేదాకా ఆగాం.

ఒక్క పాము మీద ఒక్క సాయంత్రపు పరీక్ష రుజువు కాదు. కానీ తర్వాత ఏం చేయాలో నిర్ణయించడానికి చాలు. మూడో ప్రశ్నకు జవాబు దొరికింది. దీనికి ఆకలి ఉంది, ధైర్యం వచ్చింది, పింకీ తిండి అని మాత్రం తెలియదు.

పనిచేసినది

అనోల్‌నే తినిపిస్తే? తినేది, సందేహం లేదు. ఆ దారి పట్టకపోవడానికి కారణం ముందుచూపే. బల్లులు ఖరీదు, ఎప్పుడూ దొరకవు, పరాన్నజీవుల బెడద ఎక్కువ. ఒకసారి రుచి మరిగితే మాన్పించడం కష్టం. బరువు గీత దాటి ఉంటే ఒక అనోల్ తోకో కాలో ఇచ్చేవాళ్లం. ఇంకా దాటలేదు కాబట్టి వాసనే అరువిచ్చాం.

పింకీని సబ్బుతో కడిగి ఆరబెట్టి, కరిగిన అనోల్ వీపుకు, నోటికి, తోక మొదలుకు రెండు నిమిషాలు రుద్ది, రెండింటినీ ఒకే జిప్ సంచిలో అరగంట ఉంచాం. ఆ సంచినే గోరువెచ్చటి నీళ్లలో వెచ్చబెట్టి, చేత్తో ముట్టకుండా ఫోర్సెప్స్‌తో సీసా మూతలో పెట్టాం. మన వేళ్ల మీది సబ్బు, లోషన్ వాసన కూడా దానికి తెలుస్తుంది. మొదటి రాత్రి తినలేదు, కానీ పింకీ మూత బయట పడి ఉంది, తల మీద పళ్ల గుర్తులు, తడి. పట్టింది, వదిలేసింది. నోట్లోకి వెళ్లాక ఎలుక వాసన పైకి వచ్చి ఉంటుంది అనుకున్నాం.

తర్వాతి ప్రయత్నానికి రెండు మార్పులు ఒకేసారి చేశాం. ఒక్క మార్పు నియమాన్ని ఇక్కడ సడలించింది బరువు వల్లనే, అప్పటికి 4.8. ఒకటి, అనోల్ తోక చివర ఒక సెంటీమీటరు ముక్క కోసి, పింకీ నోట్లో సగం దాకా దూర్చి, సగం బయటికి వదిలాం. పాము మొదట పట్టేది బల్లి తోకనే, దాని వెనకే పింకీ తల వస్తుంది. రెండు, పూర్తి పింకీ కాదు, 1.3 గ్రాముల పింకీని అడ్డంగా కోసి ముందు సగమే పెట్టాం. చాలా రోజులు ఖాళీగా ఉన్న పొట్టకు ఒంటి బరువులో పాతిక శాతం మేత ఎక్కువ. కక్కేస్తే ఉన్న బలం కూడా పోతుంది.

పొద్దున మూత ఖాళీ. ఖాళీ మూతను నమ్మకూడదు, పింకీని కాగితం కిందికి ఈడ్చి వదిలేసే పాములుంటాయి. టబ్‌ను ఎత్తి అడుగు నుంచి చూపమన్నాం. పారదర్శకమైన అడుగులోంచి, ఒంటి పొడవులో మూడో వంతు దగ్గర, పొలుసుల మధ్య చర్మం తెల్లగా సాగి ఉబ్బు కనబడింది.

ఆ తర్వాత ఐదు రోజులు ఎవరూ ముట్టలేదు. మేత తర్వాత కనీసం రెండు రోజులు ఏ పామునూ పట్టుకోకూడదు, ఇలాంటి పిల్లకు ఆ గడువు ఇంకా ఎక్కువ. ఒకవేళ కక్కి ఉంటే, 10 నుంచి 14 రోజులు ఆగి, అంతకన్నా చిన్న మేతతో మళ్లీ మొదలుపెట్టాలి. కక్కిన మర్నాడే ఇంకోటి పెట్టడం వల్ల కూడా పిల్లలు పోతాయి. ఇది కక్కలేదు. అదే పద్ధతిలో రెండో సగం పింకీ తిన్నాక తొలి మలం దొరికింది. పరాన్నజీవుల కోసం ఆ మలానికి చేసిన స్మియర్, ఫ్లొటేషన్ పరీక్షలు రెండింటిలోనూ ఆందోళన పడాల్సిందేమీ లేదు. ఆ తర్వాతే పూర్తి పింకీకి వెళ్లాం.

వాసన మాన్పించడం

తినడం మొదలైన సంతోషంలో చాలామంది ఇక్కడ తొందరపడతారు. మెట్లు ఇలా పెట్టుకున్నాం: ముందు తోక ముక్క తీసేసి ఒళ్లంతా రుద్దడం, తర్వాత తల మాత్రమే రుద్దడం, ఆ తర్వాత కడిగిన పింకీ, చివరికి కడగని మామూలు పింకీ. ఒక మెట్టు మీద వరసగా రెండు మూడు మేతలు ఆలోచన లేకుండా తింటేనే కింది మెట్టు.

తల రుద్దడం నుంచి నేరుగా కడిగిన పింకీకి దిగినప్పుడు పాము ఆగిపోయింది. ఆ తేడా దానికి పెద్దది. ఒక మెట్టు వెనక్కి వెళ్లి, మధ్యలో ఇంకో మెట్టు కట్టాం. ఒక అనోల్‌ను 50 మిల్లీలీటర్ల నీళ్లలో కొన్ని గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి, ఆ నీటిని ఐస్ ట్రేలో గడ్డకట్టించమన్నాం. ట్రే ఫ్రీజర్‌లో ఇంటి తిండికి దూరంగా, మూత ఉన్న డబ్బాలో ఉండాలి. సరీసృపాల మీద సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండటం మామూలే, పైగా ఇంట్లో పిల్లాడు, పెద్దావిడ ఉన్నారు. మేత రోజు ఒక ముక్క కరిగించి పింకీ ముక్కును అందులో ముంచడం, మేత మేతకూ ఆ నీటిలో మంచినీళ్లు ఎక్కువ కలపడం. వాసన క్రమంగా పలచబడింది, పాము ఎక్కడా ఆగలేదు. ఫిబ్రవరి చివరికి మామూలు పింకీ, వాసన లేకుండా, కడగకుండా. మార్చిలో బరువు 14 గ్రాములు. అప్పుడు పిల్లాడికి వారానికి రెండుసార్లు, పది నిమిషాలకు మించకుండా చేతిలోకి తీసుకునే అనుమతి ఇచ్చాం. పాత గాజు ట్యాంకు థర్మోస్టాట్‌తో, మూడు పక్కలా నల్ల కాగితంతో, నిండా గూళ్లతో మళ్లీ వాడుకలోకి వచ్చింది.

ఈ కేసు నుంచి

దీన్ని రాసుకోవడానికి కారణం అనోల్ వాసన కాదు, అది పెంపకందార్లకు పాత ఉపాయమే. అదే ఉపాయాన్ని అక్టోబరులో, ఆ 42 డిగ్రీల నేల మీద, రోజూ చేతులు పడుతున్న ట్యాంకులో వాడి ఉంటే పాము తినేది కాదు, 'బల్లి వాసన కూడా పనిచేయలేదు' అని రాసుకుని సూటిగా నోరు తెరిచే దశకు వెళ్లిపోయేవాళ్లం. మంచి ఉపాయం తప్పు సమయంలో వాడితే చెడ్డ ఉపాయంగా నమోదైపోతుంది.

తిననప్పుడు పిల్లకు ఎన్ని రోజులైందన్నది నేను చివర చూసే అంకె. ముందు బరువు, తర్వాత నేల ఉష్ణోగ్రత, ఆ తర్వాత నాలుక ఏం చెబుతోందన్నది. ఇంట్లో తూచేవాళ్లు వారానికి ఒక్కసారే, ఒకే వేళకు, మేతకు ముందు తూచాలి. పామును మూత ఉన్న చిన్న డబ్బాలో ఉంచి, డబ్బా బరువు తీసేయాలి. రోజూ తూస్తే ఆ తూచడమే బెదిరింపు అవుతుంది.

ఇది చదివే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఒక మాట. ఇక్కడ చెప్పినదంతా పెంపకంలో పుట్టిన విదేశీ పాము గురించి. మన పాములను పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, జెర్రిపోతు పిల్ల అయినా, నీరుకట్టె అయినా. వానాకాలంలో ఇంట్లోకి వచ్చిన పాముపిల్ల తినడం లేదని జాలిపడి డబ్బాలో పెట్టి పింకీ వెతకొద్దు. నాగుపాము, కట్లపాము పిల్లలకు పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది, వాటిని హానిలేనివాటి నుంచి వేరుచేసి గుర్తుపట్టడం అనుభవం లేనివాళ్ల పని కాదు. దూరంగా ఉండి, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి పాముల రక్షకులకో, అటవీ శాఖకో ఫోన్ చేయండి.

చట్టం అనుమతించే చోట పాముపిల్లను కొనేవాళ్లు అడగాల్సింది రంగు గురించి కాదు. పుట్టిన తేదీ, తొలి కుబుసం తేదీ, ఏ తేదీన ఏం తింది, ప్రాణమున్నదా గడ్డకట్టించినదా, వాసన పూశారా, ప్రతి మేతకు ముందు బరువు ఎంత అన్న కాగితం అడగాలి. కనీసం మూడు మేతలు వరసగా, సహాయం లేకుండా తిన్నట్టు రాసి ఉండాలి. కుదిరితే మీ కళ్ల ముందు ఒక మేత పెట్టి చూపమనండి. ఇంటికి తెచ్చాక తొలి మేత అదే రకం, అదే పరిమాణం, అదే వేళకు పెట్టండి.